సీతాకోకచిలుకల ఫోటోలకి టెలిఫోటో లెన్స్ ఎలా ఎంచుకోవాలి

సీతాకోకచిలుకల కోసం 300 తీసుకోవాలా, 400 తీసుకోవాలా, 600 అయితే ఇంకా మంచిదా అని అడిగేవాళ్లకి నేను మొదట చెప్పేది, ఆ అంకెని (లెన్స్ ఫోకల్ లెంగ్త్, అంటే దూరాన్నున్నదాన్ని ఎంత దగ్గరగా చూపిస్తుందో చెప్పే ఎంఎం లెక్క) కాసేపు పక్కన పెట్టమని. నేను బోల్తా పడింది అక్కడే. పక్షుల కోసం కొన్న 400 ఎంఎం ప్రైమ్ (జూమ్ అవ్వని లెన్స్) ఒకటి నా దగ్గర ఉండేది, చాలా షార్ప్ లెన్స్, దాంతోనే వీటిని కూడా తీసేద్దామని ధీమాగా బయల్దేరాను. అది 3.5 మీటర్ల కంటే దగ్గరున్న దేన్నీ ఫోకస్ చెయ్యదని అప్పటిదాకా పట్టించుకోలేదు. ఒక సీతాకోకచిలుక వచ్చి నా షూ మీద వాలింది, చెమటలో ఉప్పు కోసం కాబోలు, తీరిగ్గా కూర్చుని తొండం చాపి తాగుతోంది, నేనేమో కిలోకి పైగా బరువున్న లెన్స్ మెడకి తగిలించుకుని దిష్టిబొమ్మలా నిలబడ్డాను. చివరికి ఫోన్‌తో తీశాను. ఆ రోజు 3.5 మీటర్ల నుంచి తీసినవి కూడా గొప్పగా ఏమీ రాలేదు, ఫ్రేమ్ వెడల్పు సుమారు 30 సెంటీమీటర్లు పట్టేస్తుంటే అందులో 6 సెంటీమీటర్ల సీతాకోకచిలుక ఒక మూలకి సరిపోతుంది, అంతే.

1. ముందు రెండు అంకెలు వెతకండి

ఏ లెన్స్ వివరాలు తీసినా కింద ఎక్కడో కనీస ఫోకస్ దూరం, గరిష్ఠ మ్యాగ్నిఫికేషన్ అని రెండు అంకెలు ఉంటాయి. మొదటిది ఎంత దగ్గరికి వెళ్లొచ్చో చెప్తుంది. రెండోది, అంత దగ్గర నుంచి తీస్తే ఆ ప్రాణి కెమెరాలోని సెన్సర్ (బొమ్మ పడే చిప్) మీద ఎంత పెద్దగా పడుతుందో చెప్తుంది. 1 ఎక్స్ అంటే 20 మిల్లీమీటర్ల పురుగు సెన్సర్ మీద కూడా 20 మిల్లీమీటర్లే, 0.3 ఎక్స్ అంటే 6 మిల్లీమీటర్లు.

రెండింటిలో నేను నమ్మేది మ్యాగ్నిఫికేషన్‌నే. ఎందుకంటే చాలా జూమ్‌లు దగ్గర ఫోకస్ చేసేటప్పుడు ఫోకల్ లెంగ్త్ కొంత పోగొట్టుకుంటాయి. పేరుకి 400 అయినా మీటరు దూరంలోని పువ్వు దగ్గర అది 400లా పని చెయ్యదు, ఆ సంగతి పెట్టె మీద ఎవరూ రాయరు. మ్యాగ్నిఫికేషన్ అంకెలో మాత్రం ఆ నష్టం ముందే కలిసిపోయి ఉంటుంది. ఒక్క జాగ్రత్త: కొన్ని జూమ్‌లలో ఆ గరిష్ఠ అంకె జూమ్ మొత్తం వెనక్కి లాగినప్పుడే వస్తుంది, అంటే సీతాకోకచిలుక ముక్కు మీదకి వెళ్తే తప్ప దొరకదు. పొడవైన చివర (జూమ్ పూర్తిగా ముందుకు లాగినప్పుడు) ఎంత వస్తుందో చూడండి, మనకి పనికొచ్చేది అదే.

ఇప్పుడు మీరు తీయబోయేవాటి సైజుతో లెక్క వేసుకోండి. రెక్కలు చాచితే 6 సెంటీమీటర్లున్నది 0.3 ఎక్స్ దగ్గర సెన్సర్ మీద 18 మిల్లీమీటర్లు పడుతుంది. ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద రకం సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు, కాబట్టి సరిగ్గా సగం ఫ్రేమ్. ఏపీఎస్-సీ అనే చిన్న రకం సెన్సర్ సుమారు 23.5, కాబట్టి ముప్పావు ఫ్రేమ్. ఇంతకంటే ఏం కావాలి? కానీ గడ్డిలో తిరిగే చిన్న నీలి రకాలు 2 సెంటీమీటర్లే ఉంటాయి. 0.3 ఎక్స్‌లో అవి 6 మిల్లీమీటర్లే పడతాయి. 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్‌లో అది సుమారు 1000 పిక్సెల్స్, అదే 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీలో సుమారు 1500. క్రాప్ చేసి స్క్రీన్ మీద చూసుకోవడానికి పర్వాలేదు, పెద్ద ప్రింట్‌కి చాలదు. అందుకే ఈ పనికి ఏపీఎస్-సీ బాడీ ఉన్నవాళ్లు ఫుల్ ఫ్రేమ్ లేదని దిగులు పడాల్సిన పనేమీ లేదు, నిజానికి ఇక్కడ వాళ్లకే కలిసొస్తుంది.

నా లెక్కలో ఫుల్ ఫ్రేమ్‌కి 0.3, ఏపీఎస్-సీకి 0.2 నుంచి 0.25 ఉంటే మామూలు సైజువన్నీ హాయిగా వస్తాయి. చిన్నవే మీ పిచ్చి అయితే 0.5 దాకా వెళ్లే దారి ఒకటి చూసుకోవాలి, అది తర్వాత చెప్తాను.

మీ దగ్గర ఇప్పటికే ఏదో జూమ్ ఉంటే కొత్తది కొనేముందు ఒక చిన్న పరీక్ష చెయ్యండి. గోడకి స్కేలు అంటించి, జూమ్ పూర్తిగా ముందుకు లాగి, ఫోకస్ అందే అతి దగ్గర చోటు నుంచి ఒక ఫోటో తీయండి. ఫ్రేమ్ ఈ చివర నుంచి ఆ చివరకి ఎన్ని మిల్లీమీటర్లు కనిపించాయో చూసి, సెన్సర్ వెడల్పుని దాంతో భాగించండి. ఫుల్ ఫ్రేమ్‌లో 120 మిల్లీమీటర్లు కనిపిస్తే 36ని 120తో భాగిస్తే 0.3. ఇంట్లో ఉన్న లెన్సే సరిపోతుందని తేలినవాళ్లు నాకు తెలిసి చాలామందే ఉన్నారు.

2. మాక్రోనా, టెలిఫోటోనా

మాక్రో లెన్స్ (చిన్నవాటిని అతి దగ్గర నుంచి తీసేది) 1 ఎక్స్ ఇస్తుంది కదా, గొడవ వదిలిపోతుంది కదా అనిపిస్తుంది. చిక్కు దూరంతోనే. కనీస ఫోకస్ దూరాన్ని లెన్స్ ముందు నుంచి కాదు, సెన్సర్ నుంచి కొలుస్తారు. 100 ఎంఎం మాక్రోకి 30 సెంటీమీటర్లని రాసి ఉంటే అందులో లెన్స్ పొడవు, బాడీ మందం పోగా 1 ఎక్స్ దగ్గర లెన్స్‌కీ సీతాకోకచిలుకకీ మధ్య మిగిలేది జానెడు కూడా ఉండదు. ఎండ ఎక్కాక చురుగ్గా ఉన్న సీతాకోకచిలుక అంత దగ్గరికి ఎందుకు రానిస్తుంది? తెల్లవారుజామున, ఒళ్లు ఇంకా వేడెక్కక రెక్కలు మూసుకుని కూర్చున్నప్పుడైతే మాక్రో బ్రహ్మాండంగా పని చేస్తుంది, పొద్దున్నే లేచే అలవాటుంటే దాన్నే వాడండి. మిగతా రోజంతా మీటరు, మీటరున్నర దూరం నుంచి తీయగలిగే టెలిఫోటోనే దిక్కు.

ఇంకో లాభం కూడా ఉంది, నాకైతే అదే ముఖ్యం. ఒకే మ్యాగ్నిఫికేషన్, ఒకే అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) దగ్గర డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (స్పష్టంగా కనిపించే లోతు) మాక్రోతో తీసినా టెలిఫోటోతో తీసినా దాదాపు సమానమే, కానీ టెలిఫోటోలో వెనక కనిపించే జాగా చాలా ఇరుకు. అడుగు పక్కకి జరిగితే చాలు, వెనకున్న ఎండు పుల్లల గజిబిజి పోయి నున్నటి ఆకుపచ్చ వస్తుంది.

3. ఏ రకం లెన్స్

300 ఎంఎం ఎఫ్/4 ప్రైమ్‌లు ఈ పనిలో పాత కాపులు (ఎఫ్ పక్కనుండేది అపర్చర్ అంకె, అది పెరిగే కొద్దీ రంధ్రం చిన్నదై వెలుతురు తగ్గుతుంది). కెనాన్ ఈఎఫ్ 300 ఎఫ్/4 ఐఎస్ 1.5 మీటర్ల నుంచి 0.24 ఎక్స్ ఇస్తుంది. నికాన్ 300 ఎఫ్/4 పీఎఫ్ 1.4 మీటర్ల నుంచి అదే 0.24, బరువు 755 గ్రాములే, చేత్తో పట్టుకుని గంటలకొద్దీ తిరగొచ్చు. ఒలింపస్ 300 ఎఫ్/4 కూడా 1.4 మీటర్లు, 0.24 ఎక్స్, కానీ దాని వెనక సెన్సర్ వెడల్పు 17.3 మిల్లీమీటర్లే కాబట్టి ఫ్రేమ్ నిండేది ఫుల్ ఫ్రేమ్‌లో 0.5 ఎక్స్ అంత. వీటన్నిటికీ 1.4 టెలికన్వర్టర్ (లెన్స్‌కీ బాడీకీ మధ్య పెట్టి బొమ్మని పెద్దది చేసేది) చక్కగా కుదురుతుంది.

ఈ రోజు ఒక్క లెన్సే కొనాలంటే నేను 100-400 జూమ్‌ల వైపే చూస్తాను. కెనాన్ ఈఎఫ్ 100-400 రెండో వెర్షన్ 0.98 మీటర్ల నుంచి 0.31 ఎక్స్ ఇస్తుంది. సోనీ 100-400 జీఎంకి కూడా 0.98 మీటర్లే, మ్యాగ్నిఫికేషన్ 0.35. నికాన్ జెడ్ 100-400 అయితే 0.38. కెనాన్ ఆర్ఎఫ్ 100-400 ఎఫ్/5.6-8 చూడ్డానికి చీకటి లెన్సే, కానీ 400 దగ్గర 0.41 ఎక్స్, బరువు 635 గ్రాములు. సీతాకోకచిలుకల్ని ఎలాగూ ఎఫ్/8లో తీస్తాం కాబట్టి ఆ చీకటి ఇక్కడ పెద్ద లోపం కాదు. పెద్ద అపర్చర్ కోసం బరువూ డబ్బూ పోసెయ్యడం ఈ సబ్జెక్టుకి అనవసరం అని నా గట్టి అభిప్రాయం.

150-600, 200-600 లాంటివి పక్షులకే పుట్టాయి. సిగ్మా 150-600 కాంటెంపరరీ 2.8 మీటర్లు, 0.2 ఎక్స్. సోనీ 200-600 అయితే 2.4 మీటర్లు, అదీ 0.2 ఎక్సే. టామ్రాన్ 150-600 జీ2 కొంచెం నయం, 2.2 మీటర్లు, సుమారు 0.26. దగ్గరికి అస్సలు రానివ్వని రకాలకీ, బురద నీటి దగ్గర గుంపులుగా చేరినవాటికీ ఇవి పనికొస్తాయి. ఇప్పటికే ఉంటే వాడుకోండి, ఇందుకోసమని మాత్రం కొనొద్దు.

పొట్టి జూమ్‌లలో ఒకటి చెప్పుకోవాలి. సోనీ 70-200 ఎఫ్/4 జీ2 జూమ్ ఎక్కడున్నా 0.5 ఎక్స్ ఇస్తుంది, చిన్న రకాలకి బంగారం, కాకపోతే 200 దగ్గర అంత రావాలంటే సెన్సర్‌కి 42 సెంటీమీటర్ల దూరంలోకి వెళ్లాలి.

4. ఇంకా దగ్గరికి తెచ్చే సరంజామా

ఇక్కడ మూడు దారులు, మూడింటి స్వభావాలూ వేరు. చాలామంది ఒకదాని పని ఇంకోదాంతో చేయించాలని చూసి డబ్బు తగలేస్తారు.

టెలికన్వర్టర్ కనీస ఫోకస్ దూరాన్ని మార్చదు, మ్యాగ్నిఫికేషన్‌ని మాత్రం గుణిస్తుంది. 0.24 ఎక్స్ లెన్స్‌కి 1.4 పెడితే 0.34, అదీ అదే మీటరున్నర దూరం నుంచే. సీతాకోకచిలుక బెదరదు. బదులుగా ఒక స్టాప్ (అంటే సగం) వెలుతురు పోతుంది, ఎఫ్/4 కాస్తా ఎఫ్/5.6 అవుతుంది. 2 ఎక్స్ పెడితే రెండు స్టాప్‌లు, ఎఫ్/8, పైగా షార్ప్‌నెస్ కూడా కళ్లకి తెలిసేంత తగ్గుతుంది. పాత డీఎస్ఎల్ఆర్‌లలో (లోపల అద్దం ఉండే కెమెరాలు) ఎఫ్/5.6 దాటితే, కొన్నిట్లో ఎఫ్/8 దాటితే ఆటో ఫోకస్ పని చెయ్యదు, అది ముందే చూసుకోండి. ఇంకో చిక్కు, కొన్ని కన్వర్టర్ల ముందు గాజు బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది, అన్ని లెన్సుల వెనకా పట్టదు. మీ లెన్స్ మోడల్ పేరుతో సరిచూశాకే కొనండి.

ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ అంటే లోపల గాజు లేని ఖాళీ గొట్టం. లెన్స్‌ని సెన్సర్ నుంచి కొంచెం దూరం జరుపుతుంది, దాంతో లెన్స్ ఇంకాస్త దగ్గర ఫోకస్ చేస్తుంది. ఇది ఎంత పెంచుతుందో లెక్క తేలిక, ట్యూబ్ పొడవుని ఫోకల్ లెంగ్త్‌తో భాగించి ఉన్నదానికి కలపడమే. 300కి 25 ఎంఎం ట్యూబ్ అంటే సుమారు 0.08 పెరుగుతుంది, 0.24 కాస్తా 0.32. అదే ట్యూబ్ 100 ఎంఎం లెన్స్‌కి 0.25 ఇచ్చేది. లెన్స్ పొడుగయ్యే కొద్దీ ట్యూబ్ బలం తగ్గుతుందన్నమాట. ట్యూబ్ ఉన్నంతసేపూ దూరపు ఫోకస్ ఉండదు. 300కి 25 పెడితే సుమారు 4 మీటర్లు దాటినవన్నీ మసకే, 12 పెడితే 7, 8 మీటర్ల దాకా చూడొచ్చు. నేను 12దే లెన్స్‌కి పెట్టేసి రోజంతా అలాగే వదిలేస్తాను. లోపల ఎలక్ట్రికల్ కాంటాక్ట్స్ ఉన్న ట్యూబే తీసుకోండి, లేకపోతే ఆటో ఫోకసూ ఉండదు, కెమెరా నుంచి అపర్చర్ మార్చడమూ కుదరదు. బరువైన లెన్స్‌కి ప్లాస్టిక్ మౌంట్ ట్యూబ్ వద్దే వద్దు.

పైన చెప్పిన 3.5 మీటర్ల లెన్స్‌ని చివరికి నేను దారికి తెచ్చుకుంది కూడా ట్యూబ్‌తోనే, అయితే దూరం కొంత తగ్గింది కానీ మ్యాగ్నిఫికేషన్ 0.2 కూడా దాటలేదు.

మూడోది క్లోజప్ లెన్స్. ముందు భాగంలో ఫిల్టర్‌లా మరతో బిగించే గాజు. ఒకే గాజు పలకతో చేసిన చవక సెట్లు తీసుకుంటే రెక్కల అంచుల చుట్టూ ఊదా రంగు గీతలు వస్తాయి, రెండు గాజులు అతికించి చేసినవి వెతకండి, వాటిని అక్రోమాట్ అంటారు. కెనాన్ 500డీ ఈ రకమే, అదే పేరుతో ఒక కెమెరా కూడా ఉంది కాబట్టి వెతికేటప్పుడు కెమెరా ఫోటోలే వస్తుంటే కంగారు పడకండి. దీని శక్తి 2 డయాప్టర్లు, అంటే లెన్స్ దూరపు ఫోకస్‌లో ఉన్నప్పుడు గాజు ముందు అర మీటరు దూరంలో ఉన్నది స్పష్టంగా కనిపిస్తుంది, ఏ లెన్స్‌కి పెట్టినా అంతే. 200 ఎంఎంకి 0.4 ఎక్స్, 300కి 0.6 ఎక్స్. వెలుతురు నష్టం లేదు. చిన్న నీలి రకాలకి ఇదే నేను చెప్తానన్న దారి. అసలు ఇబ్బంది ఏంటంటే, సుమారు 35 నుంచి 50 సెంటీమీటర్ల మధ్య ఉన్నవే దొరుకుతాయి, అంతకు ఒక అడుగు వెనక ఉంటే తీయలేం, విప్పుకోవాల్సిందే. రేనాక్స్ డీసీఆర్-150 క్లిప్పుతో తగిలించేది కాబట్టి విప్పడం సులువు, కానీ శక్తి 4.8 డయాప్టర్లు, దూరం సుమారు 20 సెంటీమీటర్లకి పడిపోతుంది, అది దాదాపు మాక్రో కష్టమే.

ఏది ముందు కొనాలంటే, ఎఫ్/4 ప్రైమ్ ఉన్నవాళ్లు 1.4 కన్వర్టర్, 100-400 జూమ్ ఉన్నవాళ్లు 12 ఎంఎం ట్యూబ్, 70-200 లేదా 70-300 మాత్రమే ఉన్నవాళ్లు క్లోజప్ లెన్స్.

5. చేతికి ఆసరా

ట్రైపాడ్ కాళ్లు సర్దేలోపు సీతాకోకచిలుక పక్క చెట్టు మీద ఉంటుంది. మోనోపాడ్ (ఒంటి కాలి స్టాండు) కొనండి. లెన్స్‌కి ట్రైపాడ్ కాలర్ (స్టాండుకి బిగించే చుట్టు పట్టీ) ఉంటే మోనోపాడ్‌ని దానికే బిగించి, కాలర్ మర కొద్దిగా వదులు చేసి ఉంచితే అడ్డం నుంచి నిలువుకి చిటికెలో తిప్పొచ్చు. కింద కూర్చున్నప్పుడు దాని కాలిని లోపలికి తోసి పొట్టిగా చేసి మోకాలికి ఆనించుకోవచ్చు. పైన పెద్ద బాల్‌హెడ్ అక్కర్లేదు, ముందుకీ వెనక్కీ వంగే చిన్న టిల్ట్ హెడ్ చాలు. తడి నేల మీద గుంపుగా వాలినవాటికి నేల మీదే పెట్టే గింజల సంచి, కిందికి తిరిగే స్క్రీన్ ఉన్న బాడీ ఉంటే అంతకు మించిన సుఖం లేదు.

లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంది కదా, ఇవన్నీ ఎందుకు అంటే, అది మీ చేతి వణుకుని ఆపుతుంది, గాలికి ఊగే పువ్వుని ఆపదు. దానికి షటర్ స్పీడ్ (ఫోటో పడే క్షణం ఎంత చిన్నదో) పెంచడం ఒక్కటే మందు.

మోకాళ్లకి ప్యాడ్‌లు కూడా యాక్సెసరీ కిందే లెక్క. నవ్వకండి, మొదటి రోజు గులకరాళ్ల మీద మోకరిల్లాక మీరే వెతుక్కుంటారు.

6. ఫ్లాష్, ఫిల్టర్, హుడ్

ఫ్లాష్ నీడలు తేలిక చెయ్యడానికే, అసలు వెలుగుగా కాదు. ఫ్లాష్ పవర్‌ని ఒకటిన్నర, రెండు స్టాప్‌లు తగ్గించి వాడండి. పూర్తి పవర్‌లో వాడితే వెనకంతా నల్లబడి, పగటి పురుగుని రాత్రి తీసినట్టు ఉంటుంది. చాలా కెమెరాల సింక్ స్పీడ్ (ఫ్లాష్‌తో వాడగలిగే గరిష్ఠ షటర్ స్పీడ్) సెకనులో 1/200, 1/250 దగ్గర ఆగిపోతుంది, అంతకు మించి వెళ్లాలంటే హైస్పీడ్ సింక్ ఉన్న ఫ్లాష్ కావాలి. చిన్న డిఫ్యూజర్లు (ఫ్లాష్ వెలుగుని మెత్తగా పరిచేవి) మాక్రో దూరంలో పని చేస్తాయి, మీటరున్నర దూరానికి అవి పెద్ద తేడా చూపించవు.

పోలరైజర్ ఆకుల మీద తళుకు తగ్గించి రంగులు తేలుస్తుంది, కానీ ఒకటి రెండు స్టాప్‌లు మింగేస్తుంది, నేనైతే మోసుకెళ్లడం మానేశాను. హుడ్ (లెన్స్ ముందు తగిలించే తొడుగు) ఎప్పుడూ ఉంచండి, ఎండకే కాదు, కొమ్మలు గీసుకోకుండా కూడా. క్లోజప్ లెన్స్ పెట్టినప్పుడు మాత్రం తీసెయ్యండి, ఆ అరమీటరులో హుడ్ కొంత జాగా తినేస్తుంది.

7. అక్కడికి వెళ్లాక

లెన్స్ పక్కన ఫోకస్ లిమిట్ స్విచ్ ఉంటే ముందు దాన్ని చూడండి. పక్షుల కోసం దూరానికి పెట్టి మర్చిపోతే మీటరు దూరంలోది ఎంత నొక్కినా ఫోకస్ అవ్వదు, లెన్స్ పాడైందని టెన్షన్ పడతారు.

అపర్చర్ ఎఫ్/8తో మొదలుపెట్టండి. ఫుల్ ఫ్రేమ్‌లో 0.3 ఎక్స్ దగ్గర ఎఫ్/8కి స్పష్టంగా ఉండే లోతు సుమారు 7 మిల్లీమీటర్లు, 0.5 ఎక్స్‌కి వెళ్తే 3. రెక్కలు మూసుకున్నదాన్ని పక్కనుంచి, సెన్సర్ రెక్కకి సమాంతరంగా ఉండేలా తీస్తే ఆ లోతు చాలు. రెక్కలు సగం తెరిచి మీకు ఎదురుగా కూర్చుంటే ఎఫ్/16 కూడా చాలదు, పైగా ఎఫ్/16 దగ్గర డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో కాంతి చెదరడం) వల్ల వివరాలు మెత్తబడతాయి. అప్పుడు కన్ను మీద ఫోకస్ పెట్టి మిగతాది మసకబారనివ్వడమే. షటర్ 1/500 కంటే తగ్గించొద్దు, గాలి ఉంటే 1/1000, ఎగిరేటప్పుడు తీయాలనుకుంటే 1/2000 నుంచి మొదలు. ఐఎస్ఓని (వెలుతురుకి సెన్సర్ స్పందించే అంకె) ఆటోలో వదిలేసి, ఫోకస్ పాయింట్ ఒకటే, చిన్నది పెట్టుకోండి. ఎక్కువ పాయింట్లు పెడితే కెమెరాకి సీతాకోకచిలుక కంటే ముందున్న గడ్డిపోచే నచ్చుతుంది.

చిన్నవాటి దగ్గర ఆటో ఫోకస్ అటూ ఇటూ తడుముకుంటుంటే మాన్యువల్‌లో కావాల్సిన మ్యాగ్నిఫికేషన్ దగ్గర రింగ్ వదిలేసి, మీరే ఒళ్లు ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపుతూ వరసగా నొక్కండి. పది తీస్తే ఒకటి వస్తుంది, చాలు. దగ్గరికి వెళ్లేటప్పుడు వంగి, నెమ్మదిగా, మీ నీడ దాని మీద పడకుండా వెళ్లండి. రెండు మీటర్ల దగ్గర ఒకటి తీసి, ఒక అడుగు, మళ్లీ ఒకటి, మళ్లీ అడుగు. ఎగిరిపోయినా చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

8. కొనేముందు చెయ్యాల్సిన పరీక్ష

సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటుంటే అందరూ దూరంగా ఉన్న బోర్డు మీద ఫోకస్ చేసి చూసి సరే అనేస్తారు. మీకు కావాల్సింది అది కాదు. జూమ్ మొత్తం లాగి, కనీస దూరంలో ఏదైనా అచ్చు కాగితం పెట్టి, అపర్చర్ పూర్తిగా తెరిచి ఒకటి, ఎఫ్/8లో ఒకటి తీసి అక్షరాల అంచులు పెద్దవి చేసి చూడండి. కొన్ని లెన్సులు దూరానికి కత్తిలా ఉండి దగ్గరికి వచ్చేసరికి మెత్తబడతాయి. కన్వర్టరో ట్యూబో కొనే ఉద్దేశం ఉంటే అది కూడా అరువు తెచ్చుకుని పెట్టి అదే కాగితాన్ని మళ్లీ తీయండి, మౌంట్ దగ్గర లెన్స్ కదులుతోందేమో చేత్తో కొద్దిగా ఊపి చూడండి, స్టెబిలైజేషన్ ఆన్ చేసి ఓ నిమిషం పట్టుకుని వింత శబ్దాలేమైనా వస్తున్నాయేమో వినండి. వీలుంటే ఒక పూట బయటికి తీసుకెళ్లి, చేతులు ఎంతసేపు నిలబెట్టగలవో కూడా తేల్చుకున్నాకే డబ్బులివ్వండి.